జపాను కత్తి, మన కొలిమి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన కార్యదర్శి ఫోను చేసి, "నువ్వూ మాట్లాడాలి. ఉద్యోగం గురించి మాత్రం వద్దు, అందరూ అదే మాట్లాడతారు" అన్నాడు. అందుకని నా వ్యాపకం గురించి చెబుతాను. వృత్తిరీత్యా లోహాలతో పనిచేసే ఇంజనీరును. కొన్నేళ్ళు జపానులో ఉన్నాను. అక్కడే పాతకాలపు కత్తులు చూడటం, వాటి విడిభాగాలు పోగుచేయడం అలవాటైంది. కత్తులనగానే కంగారు పడకండి. నా దగ్గర ఒక్క అలుగు కూడా లేదు. ఉన్నవన్నీ పిడికీ అలుగుకూ మధ్య, చేతికి దెబ్బ తగలకుండా అమర్చే బిళ్ళలు. జపానువాళ్ళు వాటిని 'త్సుబ' అంటారు. మొదటిసారి ఒకటి ఇంటికి తెస్తే మా అమ్మ చేతిలోకి తీసుకుని, "ఇది ఏ బండి వాషరురా?" అని అడిగింది. ధర చెప్పే ధైర్యం నాకు రాలేదు.

చూడటానికి వాషరు లాంటిదే. అరచేతిలో ఇమిడేంత ఇనుప బిళ్ళ, మధ్యలో అలుగు దూరేందుకు ఒక చీలిక. అయితే ఆ ఇనుములో కొంగలు ఎగురుతుంటాయి, వెదురు ఆకులు వంగుతుంటాయి, అలలు లేస్తుంటాయి. కొన్నిటిని రాగిలో కాస్త బంగారం కలిపిన లోహంతో చేస్తారు. దాన్ని రసాయనాల్లో ఉడికిస్తే కాకి రెక్కలాంటి నల్లటి నిగారింపు వస్తుంది. పిడి మీద చిన్న బొమ్మలు, ఒర పక్కన దూర్చే చిన్న చాకు పిడి, ఇలా ఒక్కో భాగానికీ వేరే పనివాళ్ళు ఉండేవారు. ఇన్ని భాగాలున్న కత్తిలో పిడిని అలుగుకు పట్టి ఉంచేది ఒక్క వెదురు మేకు. అది తీస్తే మొత్తం విడిపోతుంది. ఇంజనీరుగా నేను మొదట మనసు పారేసుకున్నది ఆ మేకుకే.

ఈ బిళ్ళలు బజారులోకి ఎలా వచ్చాయో చెప్పాలి. 1876లో జపాను ప్రభుత్వం నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. సైనికులకు, పోలీసులకు తప్ప దాదాపు ఎవరికీ ఆ హక్కు లేకుండా పోయింది. తరతరాలుగా ఆ పనే చేసిన కమ్మరులు, నగిషీ పనివాళ్ళు పని లేక పూలకుండీలు, పెట్టెలు చేసి విదేశాలకు అమ్ముకున్నారు. పాత సామాను ఐరోపా, అమెరికా సేకర్తల చేతుల్లోకి వెళ్ళింది. 1945లో యుద్ధం ఓడిపోయాక మరో దెబ్బ తగిలింది. అమెరికా సైన్యం ఆయుధాల పేరుతో ఇంటింటి కత్తులనూ స్వాధీనం చేసుకోమంది. అప్పుడు కొందరు పెద్దలు ఇవి కళాఖండాలని వాదించి ఒప్పించారు. 1948లో కత్తుల సంరక్షణకు ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవాళ అక్కడ పాత కత్తి ప్రతిదానికీ ఒక రిజిస్ట్రేషను కాగితం ఉంటుంది. ఆ కాగితం ఇచ్చేది పోలీసులు కాదు, అక్కడి జిల్లా లాంటి ప్రాంతపు విద్యామండలి. ఈ మాట వినగానే మా సార్లు నవ్వుతున్నారు. ఇక్కడైతే మార్కుల మెమోకే మండలి చుట్టూ తిరగాలి కదా!

సేకర్తలు కొత్తవాళ్ళకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. పిడిలో దాగి ఉండే అలుగు తోకను ఎన్నడూ తోమకూడదు. మిగతా అలుగును అద్దంలా మెరిపిస్తారు, తోక మీది తుప్పును మాత్రం తాకరు. ఆ తుప్పు రంగును, దళసరిని బట్టే కత్తి వయసు అంచనా వేస్తారు. కమ్మరి పేరు చెక్కేది కూడా అక్కడే. ఫలానా ఊరివాడు, ఫలానా పేరు, ఫలానా ఏడు రెండో నెలలో ఒక రోజు అని ఉంటుంది. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక పల్లెలో సమ్మెట కొట్టిన మనిషి పేరు ఇవాళ చదవగలుగుతున్నాం. ఆ పేర్లతో వంశవృక్షాలు, శిష్యపరంపరలు కట్టి పుస్తకాలు వేశారు. నకిలీ పేర్లు కూడా బోలెడు. పేరుకు విలువ ఉన్నచోటే కదా దొంగ సంతకం పుడుతుంది!

ఇక ఉక్కు సంగతి. జపాను కత్తికి వాడే ఉక్కు ఏటి ఇసుకలో దొరికే ఇనుప రజను నుంచి వస్తుంది. మట్టితో తొట్టెలాంటి కొలిమి కట్టి మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆపకుండా ఇసుక, బొగ్గు, ఇసుక, బొగ్గు వేస్తూనే ఉంటారు. ఆఖరున కొలిమిని పగలగొట్టి పెద్ద ముద్దను బయటికి లాగుతారు. యుద్ధం తర్వాత ఆ పని ఆగిపోతే, 1977లో కత్తుల సంఘమే షిమానె ప్రాంతంలో ఒక కొలిమిని మళ్ళీ వెలిగించింది. ఒక్కసారికి సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పడతాయి. వచ్చే ముద్ద రెండున్నర టన్నులు, అందులో కత్తికి పనికొచ్చే మేలిరకం ఒక టన్నుకు లోపే.

దీన్ని గురించి తెలుసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది పాల్వంచ. మనలో చాలామందికి తెలుసు, 1980లో అక్కడ స్పాంజ్ ఐరన్ ఇండియా కర్మాగారం మొదలైంది. బొగ్గుతో స్పాంజి ఇనుము తీయడంలో దేశంలో అదే మొదటిది. 2010లో ఎన్‌ఎండీసీలో కలిసింది. చదువుకునే రోజుల్లో నేను అక్కడ శిక్షణ పొందాను. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి అక్కర్లేకుండానే, బొగ్గు నుంచి వచ్చే వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. రాయి రాయిలాగే ఉండి లోపల ఇనుమవుతుంది. పాల్వంచలో తిరిగే పొడవాటి గొట్టంలో అప్పట్లో జరిగింది అదే. జపాను మట్టి తొట్టెలో చాలామటుకు జరిగేదీ అదే. మన తెలంగాణ పల్లెల్లో వెయ్యేళ్ళకు పైగా మట్టి కొలుముల్లో జరిగిందీ అదే. మా రసాయనశాస్త్రం సారు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాసిన సమీకరణం మూడింటికీ సరిపోతుంది.

మనవాళ్ళు అక్కడితో ఆగలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఆ ఇనుప ముక్కలను చిన్న మట్టి మూసలో పెట్టి, మూత మూసి మెత్తి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. కర్బనం ఇనుములోకి ఎక్కి, నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా చేరేది. ఈ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. లోకం వాటిని డమాస్కస్ కత్తులంది. మన 'ఉక్కు' మాటే ఇంగ్లీషులో 'ఊట్జ్' అయిందని చాలామంది పండితులు అంటారు. అలాగని మన ఉక్కు జపానుకు వెళ్ళిందని నేను అనను. అది వెళ్ళింది పడమరకు. 1820 ప్రాంతంలో డాక్టర్ హెన్రీ వాయిసీ అనే సర్వే శాఖ భూగర్భ శాస్త్రవేత్త కోనసముద్రం వెళ్ళి ఈ పని చూసి రాసుకున్నాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్ళో కూర్చుని ఉక్కు కొనడం ఆయన చూశాడు. ఆ రాతలు ఆయన చనిపోయాక 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు.

వాయిసీ పేరు మిగిలింది. ఆ వర్తకుడి పేరు కూడా వాయిసీ రాసుకున్నాడు. మూస ముందు కూర్చుని చెమటోడ్చిన కమ్మరి పేరు మాత్రం నేను ఎంత వెతికినా దొరకలేదు. జపాను బిళ్ళ మీద పేరు చదివినప్పుడల్లా నన్ను కలవరపెట్టేది ఇదే.

హైదరాబాదు వెళ్ళినప్పుడు పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా పోగుచేసినవాటితో 1951లో మొదలైన మ్యూజియం అది. జపాను గదిలో సమురాయ్ కత్తులున్నాయి. ఆయుధాల గదిలో మన దక్కను కత్తులున్నాయి. రెండూ చూపించి, ఎవరు చేశారో రాసి ఉందేమో చదవమని చెప్పండి.

మన అడవి అంచు సంగతికి వస్తాను. బయ్యారంలో ఇనుప ఖనిజం ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం పరిశీలించమని రాశారు. అది వస్తుందా రాదా అని పదేళ్ళకు పైగా మాట్లాడుకుంటున్నాం. పాత కొలుముల సంగతి మాత్రం మాట్లాడుకోం. మా పొలంలో దున్నేటప్పుడు నల్లటి, బరువైన, బుడగలు బుడగలుగా ఉన్న రాళ్ళు నాగలికి తగిలేవి. చిట్టెపు రాళ్ళని ఏరి గట్టు మీద పారేసేవాళ్ళం. ఇనుము తీసినప్పుడు కరిగి కారిన మలినమే ఈ చిట్టెం. అది ఉన్నచోట ఒకప్పుడు కొలిమి ఉందని అర్థం. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో బెంగుళూరు, ఇంగ్లండు పరిశోధకులు 2010లో ఇలాంటి దిబ్బలను ఊరూరా తిరిగి నమోదు చేశారు. మన వైపు దిబ్బలు రోడ్ల గుంతల్లోకి, ఇంటి పునాదుల్లోకి పోతున్నాయి.

మనుషులూ తగ్గిపోతున్నారు. భద్రాచలం దారిలో ఒక సంతలో ఓ పెద్దాయన ఇప్పటికీ కొలిమి పెడతాడు. ఒకప్పుడు చుట్టుపక్కల కోయ గూడేలకు కర్రులు, గొడ్డళ్ళు, బాణపు ములుకులు చేసి ఏడాదికింత ధాన్యం తీసుకునేవాడు. ఇప్పుడు లారీ కమాను పట్టీలు కోసి కొడవళ్ళు చేస్తున్నాడు. నేను గంటసేపు పక్కనే కూర్చున్నాను. కొడవలిని ఎర్రగా కాల్చి, పంటి వరకే నీళ్ళలో ముంచి, పైకి తీసి రంగు చూస్తాడు. ఎండుగడ్డి రంగు పాకి గోధుమ రంగు తగిలీ తగలగానే మళ్ళీ ముంచేస్తాడు. ఒక్క క్షణం ఆలస్యమై ఊదారంగు తిరిగితే పంటి పదును తగ్గుతుందట. జపాను కమ్మరి వీపు మీద మట్టి దళసరిగా, వాదర మీద పలుచగా పూసి సాధించేది కూడా ఇదే. వాదర గట్టిగా, వీపు సాగేలా ఉండాలి.

"పెద్దయ్యా, కొడవలి మీద నీ పేరు కొట్టవేం?" అని అడిగాను.

"పేరెందుకు సారూ? ఇరిగితే నా కాడికే తెస్తారుగా" అన్నాడు.

ఆయన నిజమే చెప్పాడు. కొన్నవాడూ చేసినవాడూ ఒకే సంతలో ఉన్నంతకాలం పేరు అక్కర్లేదు. ఆయన కొడుకు హైదరాబాదులో కారు నడుపుతున్నాడు. ఆ కొలిమి ఆరిపోయాక, ఏ రంగు దగ్గర ముంచాలో చెప్పేవాళ్ళు ఆ సంతలో ఉండరు. జపానులో కత్తి కమ్మరి కావాలంటే ఒక గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు ఉండి, ప్రభుత్వ అనుమతి పొందాలి. అంత వ్యవస్థ మనం కట్టలేకపోవచ్చు. ఒక బడి, ఒక సంఘం చేయగలిగినవి మూడు ఉన్నాయి.

మొదటిది, చిట్టెం కనబడే చోట్లను పిల్లలతో తిరిగి నమోదు చేయించడం. ఊరు, సర్వే నంబరు, ఒక ఫోటో చాలు. రాయిని మాత్రం ఏరకూడదు, కడగకూడదు. అలుగు తోకను ఎందుకు తోమరో ఇప్పుడే చెప్పాను కదా. ఆ జాబితాను రాష్ట్ర పురావస్తు శాఖకు పంపుదాం.

రెండోది, బతికి ఉన్న కమ్మరుల మాటలు రికార్డు చేయడం. ఏ కట్టె బొగ్గు, ఏ మట్టి, ఏ రంగు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనేవి వాళ్ళ మాటల్లోనే. తెలుగు టీచర్లు సాయం చేస్తే కొలిమి మాటలన్నీ ఒక నోటుపుస్తకానికి ఎక్కుతాయి.

మూడోది, మన ప్రయోగశాలలో ఒక అద్దాల అలమర. అందులో కొడవలి, కర్రు, గొడ్డలి, పట్టకారు, ప్రతిదాని కింద చేసినవాడి పేరు, ఊరు, ఏడు. ప్రతి వస్తువుకూ కమ్మరి అడిగిన ధర చెల్లించే కొనాలి. మాలో కమ్మరి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ తాతల పేర్లతోనే మొదలుపెడదాం.

నా దగ్గరున్న బిళ్ళల్లో 15 ఈ బడికి ఇస్తాను, వాటి కాగితాలతో సహా. ఒక షరతు. కింది అరలో మన ఊళ్ళ పనిముట్లు 15, పేర్లతో చేరాకే పై అరలో జపాను బిళ్ళలు పెట్టాలి. అలమర ఖర్చు మా బ్యాచి భరిస్తుంది. మావాళ్ళను ఇంకా అడగలేదు, ఇప్పుడే వింటున్నారు కాబట్టి కాదనలేరు.

దసరా సెలవుల్లో మొదటి నడక పెట్టుకుందాం. రాగలిగినవాళ్ళు భోజనాలకు వెళ్ళేముందు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.