ఇంట్లో కూర్చుని సంపాదన: అరటిపండు కేకూ, డాలరు వ్యాపారమూ

(స్వయం ఉపాధి శిక్షణ పొందుతున్న స్త్రీలూ, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలూ పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ మీరు అరటిపండు లేయర్ కేకు చేయడం నేర్చుకుంటున్నారు. మధ్యాహ్నం నన్ను కరెన్సీ ట్రేడింగ్ గురించి చెప్పమన్నారు. ఈ రెంటికీ పొంతన ఏమిటని కొందరు నవ్వారు. కానీ మీ ఫోన్లకు ఈ రెండు ప్రకటనలూ ఒకే మాటతో వస్తున్నాయి - "ఇంట్లో కూర్చుని సంపాదించండి".

ఈ మాటతో మనకు పాత పరిచయమే ఉంది. నర్సాపురం లేసు పనివాళ్ల మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లే స్త్రీలను అక్కడ ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులన్నారు. అలా అనుకోబట్టే కూలి అంత తక్కువ ఇవ్వగలిగారు. ఆ లేసు మాత్రం విదేశాలకు వెళ్లి మారకద్రవ్యం తెచ్చిపెట్టింది. డాలర్లతో మన ఆడవాళ్ల సంబంధం ఇవాళ్టిది కాదన్నమాట.

కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు నెలనెలా చేస్తున్నది కూడా కరెన్సీ వ్యవహారమే. జీతం దినార్లలో, ఇక్కడి అప్పు రూపాయల్లో. దినారు విలువను 2007 నుంచి కొన్ని కరెన్సీల బుట్టతో ముడిపెట్టారు కాబట్టి అది అంతగా ఊగిసలాడదు. రూపాయి పడినప్పుడు ఇక్కడ చేతికొచ్చే మొత్తం పెరుగుతుంది. "ఇప్పుడే పంపనా, వారం ఆగనా" అని ఆలోచించే మనిషికి రేటంటే ఏమిటో మనం నేర్పక్కర్లేదు. అయితే చాలాచోట్ల ఫీజు తక్కువని బోర్డు పెట్టి, ఆ తేడా రేటులో కోసుకుంటారు. అందుకని ఫీజు ఎంత అని కాదు, "వంద దినార్లిస్తే మా ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి" అని రెండు మూడు చోట్ల అడగాలి. కరెన్సీ విషయంలో కొత్తవాళ్లకి నేనివ్వగల సలహాల్లో నిజంగా డబ్బు మిగిల్చేది ఇదొక్కటే.

ఇక ట్రేడింగ్. కరెన్సీలను జంటలుగా కొంటారు, అమ్ముతారు. యూరో-డాలరు ఒక జంట, డాలరు-యెన్ ఒక జంట. ఒకటి రెండోదాని మీద పెరుగుతుందని పందెం. ఒకరి లాభం ఇంకొకరి నష్టం. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉన్న తేడా బ్రోకరుది. పెద్ద దేశాల కరెన్సీలు రోజులో అర శాతం కదలడం మామూలే. వంద డాలర్ల మీద అర శాతమంటే అర డాలరు. ఇంత చిన్న లాభానికి ఎవరూ రారు గనక అప్పు కలుపుతారు. దాని పేరు లివరేజ్. 500 రెట్లు ఇస్తామన్నారనుకోండి, మీ 100 డాలర్లతో 50,000 డాలర్ల బేరం చేస్తారు. ధర మీకు ఎదురుగా 0.2 శాతం కదిలితే ఆ 100 డాలర్లూ పోతాయి. మీరు పొయ్యి మీద పాలు దించి వచ్చేలోగా అది జరిగిపోవచ్చు.

వివేకంగా చేసే పద్ధతి లేదా అంటే, ఉంది. ఒక్కో బేరంలో ఉన్న డబ్బులో నూటికి ఒకటికి మించి పోనివ్వకూడదు. ఎంత నష్టం దగ్గర ఆపాలో ముందే ఆర్డరు పెట్టాలి. లివరేజ్ బాగా తగ్గించుకోవాలి. అప్పు తెచ్చిన డబ్బూ, పిల్లల ఫీజు డబ్బూ, సంఘం డబ్బూ ముట్టుకోకూడదు. మంచి నియమాలే. వీటిని పాటిస్తే 10,000 రూపాయలున్న మనిషి ఒక్కో బేరంలో 100 రూపాయలే పణంగా పెట్టాలి. నెలంతా తెర ముందు కూర్చుని, అదృష్టం కూడా కలిసొస్తే కూరగాయల ఖర్చు రావచ్చు. ఇలా జాగ్రత్తగా చేస్తూ దాని మీద బతకాలంటే ముందే డబ్బున్న మనిషై ఉండాలి. ప్రకటనలో ఈ ముక్క రాయరు.

లెక్కలు కావాలంటే ఉన్నాయి. యూరప్ సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2018లో ముఖ్యమైన కరెన్సీ జంటలకు లివరేజ్‌ని 30 రెట్లకు కట్టడి చేసింది. అక్కడి దేశాల నియంత్రణ సంస్థలు చూస్తే, ఈ రకం కాంట్రాక్టుల్లో చిన్న మదుపుదార్ల ఖాతాలు 74 నుంచి 89 శాతం దాకా నష్టంలోనే తేలాయి. మన సెబీ 2024లో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీద లెక్క తీసింది. అది కరెన్సీ కాదుగానీ దానికి దగ్గర చుట్టమే. మూడేళ్లలో వ్యక్తిగతంగా ఆడినవాళ్లలో నూటికి 93 మంది నష్టపోయారు.

గృహిణుల కరెన్సీ వ్యాపారం అనగానే అందరూ జపాన్‌ని చూపిస్తారు. అక్కడ చాలా ఇళ్లల్లో జీతం భార్య చేతికొస్తుంది. భర్తకి నెలకింత అని జేబుఖర్చు ఆమే ఇస్తుంది. ఆమె చాటుగా దాచుకునే సొమ్ముని హెసొకురి అంటారు. మన పోపులడబ్బా డబ్బు లాంటిదే. 1990లు ముగిసేసరికి బ్యాంకు వడ్డీ దాదాపు సున్నా అయింది. 1998లో విదేశీ మారక చట్టాన్ని సడలించాక ఇంటి నుంచే ఈ వ్యాపారం చేసే వీలు కలిగింది. వడ్డీ లేని యెన్ అమ్మి, వడ్డీ బాగా వచ్చే ఆస్ట్రేలియా డాలరు కొనేవారు. ఆ తేడా ఖాతాలో పడుతుండేది. ఆర్థిక పత్రికలు వీళ్లందరినీ కలిపి "మిసెస్ వతనబె" అన్నాయి. ఆడినవాళ్లలో మగవాళ్లు తక్కువేం లేరు, ఎగతాళికి మాత్రం ఆడపేరే దొరికింది! 2008 జూలైలో ఆస్ట్రేలియా డాలరుకి 104 యెన్‌ల దాకా వచ్చేవి; అక్టోబరులో అది 55కి పడింది. ఏళ్లపాటు పోగైన వడ్డీ, అసలుతో సహా, మూడు నెలల్లో ఎందరికో ఊడ్చుకుపోయింది. ప్రభుత్వం లివరేజ్‌ని 2010లో 50 రెట్లకీ, 2011లో 25 రెట్లకీ దించింది. వీళ్లది దురాశ అనేముందు ఒకటి చూడాలి. పిల్లలు పుట్టాక ఉద్యోగం వదిలిన స్త్రీకి ఆ సమాజంలో మళ్లీ దొరికేది చాలావరకు తక్కువ జీతపు పార్ట్‌టైం పనే. అప్పట్లో బ్యాంకులో పెడితే ఏమీ వచ్చేది కాదు. ఇంకెటు వెళ్లేది?

మన దగ్గర సంగతి ఇంకా చిక్కు. 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం విదేశీ మారక లావాదేవీలు అధీకృత సంస్థలతోనే, రిజర్వు బ్యాంకు అనుమతించిన వేదికల మీదే చేయాలి. రూపాయితో ముడిపడిన కాంట్రాక్టులు ఎక్స్ఛేంజీలో కొనాలన్నా వాస్తవమైన విదేశీ మారక అవసరం ఉండాలన్న నిబంధన 2024 మే నుంచి గట్టిగా అమలైంది. విదేశీ బ్రోకరుకి మార్జిన్ కింద డబ్బు పంపడం నిషేధం. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు 34 పేర్లతో హెచ్చరిక జాబితా ఇచ్చింది, తర్వాత అది పెరుగుతూ పోయింది. ఉల్లంఘనకి మూడు రెట్ల దాకా జరిమానా ఉంది. అంటే మోసపోయినామె ఫిర్యాదు చేయబోతే తన మీదికే వస్తుందేమోనని భయం. ఈ భయమే ఆ యాప్‌లకి రక్ష.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒకామె పొదుపు సంఘం డబ్బు 40,000 ఇలాంటి యాప్‌లో పెట్టింది. తెర మీద అది 90,000 అయింది. తీసుకోబోతే ముందు "టాక్సు" కట్టమన్నారు, కట్టింది. తర్వాత ఫోను పలకలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆ రోజు నుంచి ఆమె ఏటీఎం కార్డు భర్త జేబులోకి పోయింది. పదేళ్లు సంఘం లెక్కలు రాసిన మనిషి మీటింగుకి రావడం మానేసింది. కార్యకర్తలు పట్టించుకోవాల్సింది ఇక్కడ. ఆమె తెలివితక్కువదని సంఘంలో తేల్చేలోపు ఎవరో ఒకరు పక్కన కూర్చుని 1930కి ఫోను చేయించాలి. ఆ ఫోను ఎంత తొందరగా చేస్తే డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కేకు దగ్గరికొద్దాం. బాగా మగ్గి తొక్క మచ్చలు పడ్డ పళ్లే కావాలి. పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. రావులపాలెం వైపు ఆ పళ్లు గెలల ధర పలకవు, మీకు చవగ్గా వస్తాయి. 300 గ్రాముల గుజ్జుకి మైదా 250, చక్కెర 180, వెన్న 120 గ్రాములు, రెండు గుడ్లు, అరకప్పు పుల్లమజ్జిగ, చెంచా వంటసోడా. మైదా వేశాక ఎక్కువ గిలక్కొట్టొద్దు, సాగుతుంది. పుస్తకంలో సరుకుల ధర మీరంతా రాశారు, చూశాను. గ్యాస్ కొందరు రాశారు. అట్టపెట్టె ఇద్దరు రాశారు. రెండున్నర గంటల మీ పని ఒక్కరూ రాయలేదు! ఇది నర్సాపురం లెక్కే. గంటకింత అని ముందు అది రాసి, ఆ తర్వాత ధర చెప్పండి. మాడిపోయినవీ, అమ్ముడుపోనివీ కూడా నెలాఖరున కలపండి. దీంట్లో నష్టమొస్తే పెట్టిన సరుకుల వరకే వస్తుంది, 500 రెట్లు రాదు.

ఓవెన్ లేకపోతే ఎలా అని ఇందాక ఒకక్క అడిగింది. మందపాటి కుక్కర్‌లో అడుగున ఉప్పు పరిచి, రబ్బరూ వెయిటూ తీసేసి, పది నిమిషాలు ముందుగా వేడి చేయండి. గిన్నెని చిన్న స్టాండు మీద పెట్టి సన్నమంట మీద ముప్పావుగంట ఉంచితే చాలు. రెండు పొరలూ ఒకేసారి పట్టవు గనక రెండో దానికి పిండి అప్పటికప్పుడే కలపండి. సోడా కలిపిన పిండి ఎదురుచూస్తూ ఉంటే పొంగదు. పొరలు పూర్తిగా చల్లారాకే మధ్యలో క్రీమూ, నిమ్మరసం తడిపిన అరటి ముక్కలూ పెట్టండి. వేడి మీద పెడితే క్రీము కారిపోతుంది.