బానిసలకు తోడొచ్చినోళ్లు

(కార్యకర్తల తరగతిలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’ రాసి అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. నల్లజాతి బానిసల విముక్తికి వాళ్లు చేసిన త్యాగానికి. పూనాలో ఉండి అంత దూరం చూశాడాయన. ఆ తోడొచ్చినోళ్లెవరు, ఎందాకా వచ్చారు? ఈ పూట అదే మాట్లాడుకుందాం.

1861 నుంచి 1865 దాకా అక్కడ అంతర్యుద్ధం. 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. బయటపడి ఎక్కడికి పోవాలి? భూమి దొరది. కోర్టు దొరది. దక్షిణాది రాష్ట్రాలు వెంటనే ‘నల్ల చట్టాలు’ తెచ్చాయి. పనిలో లేకుండా కనిపిస్తే దిమ్మరి అని పట్టుకుని జరిమానా. కట్టలేకపోతే మళ్లీ దొర పొలంలోకే.

అప్పుడు లింకన్ పార్టీలో, అంటే రిపబ్లికన్ పార్టీలో, కొందరు గట్టోళ్లు అడ్డం నిలబడ్డారు. థాడియస్ స్టీవెన్స్ అందులో పెద్దమనిషి. పెద్ద భూస్వాముల భూములు గుంజి, విముక్తుడైన ప్రతి మగవాడికి 40 ఎకరాలివ్వాలని 1865లోనే అడిగాడు. 1867లో ఓటుకు చేతులెత్తిన ఆయన పార్టీవాళ్లే భూమి మాట వచ్చేసరికి తలలు దించుకున్నారు. ఎందుకంటారు? ఉత్తరాది మిల్లులకు పత్తి కావాలి. నల్లవాడు తన చెక్కలో తిండిగింజలేసుకుంటే దొరకు పత్తి ఎవడు తీస్తాడు? ఇవాళ దొర భూమి గుంజితే రేపు మన ఫ్యాక్టరీ కూలీ ఏమడుగుతాడోనని ఇంకో భయం. జనరల్ షెర్మన్ సముద్రతీరాన పంచిన భూమిని కూడా అధ్యక్షుడు జాన్సన్ అదే ఏడాది దొరలకు తిరిగిప్పించాడు. ఓటొచ్చింది, నేల రాలేదు. జనం పాలుకు చేసుకునే రైతులై అప్పుల్లో పడ్డారు.

ఓటుతో ఏమీ రాలేదని మాత్రం అనకండి. సౌత్ కరోలినా దిగువ సభలో నల్లవాళ్లే ఎక్కువమంది కూర్చున్నారు. సర్కారు బడులు లేచాయి, పేద తెల్లోళ్ల పిల్లలకూ అవే దిక్కయ్యాయి.

ఈ పనిలో కలిసిన తెల్లోళ్లకు దొరలు పేర్లు పెట్టారు. ఉత్తరాది నుంచి వస్తే ‘కార్పెట్‌బ్యాగర్’, అంటే గుడ్డసంచితో దోచుకోను వచ్చినోడు. ఊరివాడే అయితే ‘స్కాలవాగ్’, పనికిమాలినోడు. సీటు కోసం వచ్చినోళ్లు, డబ్బు తిన్నోళ్లు వాళ్లలో ఉన్నారు, కాదనను. కానీ మనిషిని మెడ మీద కాడేసి దున్నినోడా ఇంకొకణ్ణి దోపిడీదారు అనేది? మార్షల్ ట్విచెల్ అనే వెర్మాంట్ మనిషి లూసియానా వచ్చి నల్లపిల్లలకు బడులు పెట్టించాడు. 1874లో కౌషట్టాలో తెల్ల దండు అతని తమ్ముణ్ణి, బావల్ని చంపింది. 1876లో అతన్నే కాల్చితే రెండు చేతులూ తీసేయాల్సొచ్చింది. సంచి నింపుకుపోను వచ్చినోడైతే తమ్ముడు పోయినప్పుడే పోయేవాడు గదా!

తోడొచ్చినోళ్లను నమ్ముకుని మాత్రమే నల్లవాళ్లు కూర్చోలేదు. యూనియన్ లీగ్‌లో రాత్రిపూట కూడేవాళ్లు. చదువొచ్చినోడు పేపరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. నార్త్ కరోలినాలో లీగ్ నాయకుడు వయట్ అవుట్‌లాను 1870లో కోర్టు ముందున్న చెట్టుకే ఉరేశారు. 1873లో, ఫూలే పుస్తకం వచ్చిన ఆ ఏడాదే, కోల్‌ఫాక్స్‌లో నల్లవాళ్లను పదుల సంఖ్యలో చంపారు. శిక్షపడ్డ కొద్దిమందినీ 1876లో సుప్రీంకోర్టు వదిలేసింది. వ్యాపారాలు దెబ్బతిని ఉత్తరాదివాళ్లకు ఈ గొడవ బరువనిపించింది. 1877లో అధ్యక్ష పదవి బేరంలో దక్షిణాదికి కాపున్న సైన్యాన్ని పక్కకు తప్పించారు.

అయినా అందరూ పోలేదు. అవుట్‌లాను ఉరేసిన ఆ జిల్లాలో జడ్జిగా ఉండి, క్లాన్ బెదిరింపులు పడ్డ ఆల్బియన్ టూర్జీ అనే ‘కార్పెట్‌బ్యాగర్’, 1896లో ప్లెసీ తరపున రైలుపెట్టెల వేర్పాటు మీద సుప్రీంకోర్టుకెక్కాడు. ఫీజు తీసుకోలేదు. 7గురు జడ్జీలు కాదన్నారు. అవునన్నది ఒక్కడు, హార్లన్. ఆయన ఒకప్పుడు బానిసల్ని ఉంచుకున్న మనిషే.