కీళ్ళవాతమునకు పథ్యము



కీళ్ళనొప్పి సాధారణముగా ప్రాణము తీయదు. కాని పని తీయును. నడుము వంగని స్త్రీ నాట్లకు పోజాలదు. భుజము లేవని రైతు పలుగు పట్టజాలడు. అట్టివారి యింట రాబడి తగ్గుటయు, మందుల ఖర్చు పెరుగుటయు ఒక్కమారే జరుగును. కావున భోజనమువలన ఈ బాధకు ఎంత మేలు కలుగునో, ఎంత కలుగదో తెలిసికొనుట అవసరము.

పల్లెలలో కీలు నొచ్చిన ప్రతి జబ్బును వాతమనుట వాడుక. పేరొక్కటి గనుక పథ్యమును ఒక్కటే చెప్పుదురు: వంకాయ వలదు, దుంపలు వలదు, పప్పు వలదు, పులుపు వలదు. తుదకు రోగి విస్తరిలో మిగులునది అన్నమును, కారపుపొడియును. పూర్వవైద్యులు ఇట్లు అన్నిటిని ఒక్క గాట కట్టలేదు. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమును ప్రత్యేకముగా వర్ణించెను. చరకసంహిత వాతరక్తమునకు వేరొక అధ్యాయమునే కేటాయించినది. ఆ వాతరక్తమునకు ఆఢ్యవాతము, అనగా కలవారి వాతము, అని మరియొక పేరును గలదు. ఆ పేరు పెట్టినవాడు లోకము నెరిగినవాడు.

నేటి వైద్యులు గౌట్ అను జబ్బు దీనికి మిక్కిలి దగ్గరిది. రక్తములో యూరికామ్లము హెచ్చి, సూదుల వంటి స్ఫటికములై కీలులో పేరుకొనును. రాత్రికి రాత్రి కాలి బొటనవ్రేలు ఎఱ్ఱగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వరాదు. కార్జము, రొయ్యలు, మద్యము, అందు ముఖ్యముగా బీరు, తీపి శీతలపానీయములు దీనిని రేపును. పప్పుమీది నింద మాత్రము అన్యాయము. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 ఏండ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశీలనలో, మాంసమును, సముద్రాహారమును హెచ్చుగా తినువారికి గౌట్ హెచ్చుగా కనబడెను. శాకాహారములోని పప్పులవలన అట్లు కనబడలేదు. పాలు, పెరుగు వాడువారికి అది తక్కువగా వచ్చెను. మజ్జిగ మానిపించు పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

వయసుతో అరిగిన మోకాలికి పథ్యము వేరు. స్థూలకాయులు ఒక్క కిలో బరువు తగ్గినచో, వేయు ప్రతి అడుగునను మోకాలిపై భారము ఇంచుమించు నాలుగు కిలోలు తగ్గునని 2005లో కొలిచి చూపిరి. అట్టివారు అన్నపు రాశి తగ్గించి, కూర పెంచవలెను. ఎముకలు తేలిన కూలివానికి ఈ సలహా చెప్పుట పాపము. వానికి కావలసినది కడుపునిండ తిండి.

ఉదయము లేవగానే గంటకు పైగా వ్రేళ్ళు బిగిసియుండి, రెండు చేతుల కణుపులును వాచుచున్నచో అది కీలును తినివేయు జబ్బు కావచ్చును. అచట ఆహారము తోడు మాత్రమే; వైద్యుని చూచుటలో ఆలస్యము పనికిరాదు. సంతలో అమ్ము పేరులేని పొడులలో స్టెరాయిడులు కలిపియుండుట కద్దు. అవి నాలుగు దినములు సుఖమిచ్చి, పిమ్మట ఎముకను గుల్లచేయును.

ఇక తెలుగునాట ప్రత్యేకముగా చెప్పవలసినది నీటివాతము. 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములలో ఫ్లోరైడు జబ్బును వైద్యులు గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్లగొండ పేరు ఈ బాధకు మారుపేరయ్యెను. పటికయు సున్నమును వేసి నీటినుండి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు సైతము ఆ జిల్లాపేరే నిలిచినది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లిగ్రాములు మించినచో ఆ నీరు త్రాగరాదు. ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట మెడయు, నడుమును పట్టివేయును. పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు పడును. ఆ చారలు కనబడిన ఊరిలో పెద్దల నడుమునొప్పిని ముసలితనమునకు వదలివేయరాదు.

నీరు కాచిన చాలునని పలువురు తలంతురు. కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలిన నీటిలో అది మరింత చిక్కనగును. నల్ల తేనీరు హెచ్చుగా త్రాగుటయు మంచిది కాదు, తేయాకులోనే ఫ్లోరైడు కలదు. తిండిలో సున్నపుపాలు తక్కువైనవారికి ఈ విషము మరింత కీడుచేయును. నూరు గ్రాముల బియ్యములో సున్నము పది మిల్లిగ్రాములకు అటునిటుగా నుండగా, రాగులలో మూడువందల నలుబదికి పైగా నున్నది. నువ్వులలో అంతకంటె నెన్నో రెట్లు. రాగిసంకటి, నువ్వులుండ, మునగాకు కూర, మజ్జిగ, ఉసిరిక, జామ: ఇవి పేదయింటికి అందని వస్తువులు కావు. ఒంటికి ఎండయు తగులవలెను. లేనిచో తిన్న సున్నము చక్కగా ఒంటబట్టదు.

చింతపండు సంగతి మిక్కిలి వింత. కీళ్ళు పట్టునని మొదట మాన్పించునది దానినే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బాలురకు దినమునకు పది గ్రాముల చింతపండు భోజనములో చేర్చి చూచి, వారి మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా బయటికి పోవుచున్నదని 2002లో ప్రకటించిరి. నీటిని మార్చకుండ చారు త్రాగినంతమాత్రమున జబ్బు కుదురునని కాదు. ఫ్లోరైడు ఊరిలో చారును తప్పుపట్ట పనిలేదని భావము.

అన్నిటికిని ముందు చేయవలసినది నీటిపరీక్ష. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలలో దీనిని చేయుదురు. ఒక్కొక్క బోరునకు ఒక్కొక్క శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసికొని, ఆ నీటితోనే రెండుమూడు మారులు తొలిచి నింపి, ఏ బోరుదో పైన వ్రాసి పంపవలెను. గాజుసీసా ఈ పరీక్షకు పనికిరాదు.