లిలియాన్ గీసిన సైనికులు



సైనికుల దుస్తులు, కత్తులు, తుపాకులు మగవాళ్ల ముచ్చట్లు కదా, మనకెందుకమ్మా అంటారేమో. ఆ విషయం మీద ఎంతో పేరుపడిన బొమ్మల పుస్తకాల అట్టమీద ముందుగా ఉన్నది ఒక ఆడమనిషి పేరే. లిలియాన్, ఆ తర్వాత ఫ్రెడ్ ఫుంకెన్. బెల్జియం దేశపు దంపతులు. ఆయన 1921లో పుట్టారు, ఆవిడ 1927లో.

మొదట ఇద్దరూ పిల్లల పత్రికలకు బొమ్మల కథలు గీసేవారు. 'టిన్‌టిన్' వారపత్రికలో వారి వీరగాథలు చాలాకాలం వచ్చాయి. గుర్రాలు, డాళ్లు గీసి గీసి చేయి తిరిగింది. 1960ల నుంచీ కాస్టర్మాన్ సంస్థ వారిచేత సైనికుల వేషాలు, ఆయుధాల మీద పుస్తకాలు వేయించింది. నెపోలియన్ కాలం, రెండు ప్రపంచ యుద్ధాలు, ఇలా సంపుటం వెంట సంపుటం.

కష్టమంతా చిన్నవాటిలోనే ఉంది. నెపోలియన్ నాడు ఫ్రెంచి కాల్బలానికి ముదురు నీలం కోటు, ఇంగ్లీషువారికి ఎరుపు, ఆస్ట్రియావారికి తెలుపు, రష్యావారికి ఆకుపచ్చ. తుపాకిమందు పొగలో మనవాడెవడో పైవాడెవడో తెలియాలి మరి! ఇంతవరకైతే ఎవరైనా గీస్తారు. ఇంగ్లీషు కాల్బల దళాలు చాలావరకు ఎర్రకోట్లే అయినా, కాలరుకీ ముంజేతి పట్టీకీ వేసే రంగు దళాన్నిబట్టి మారుతుంది. బొత్తాలు కొన్ని దళాల్లో ఒక్కొక్కటిగా, కొన్నింటిలో జంటలుగా కుడతారు. అంచు చూసి ఇది గద్వాల, ఇది వెంకటగిరి అని మనం చెప్పమూ? అలాగన్నమాట.

పైగా కాగితంమీది ఉత్తరువు ఒకటి, నెలల తరబడి నడిచిన సైనికుడి ఒంటిమీది బట్ట మరొకటి. కవాతు నాటి తళుకులే గీస్తే బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ నిజం కాదు. 1914లో ఫ్రెంచి కుర్రాళ్లు ఎర్ర ప్యాంట్లతోనే మరతుపాకుల ముందుకు నడిచారు. లేత నీలం దుస్తులు సైన్యమంతటికీ అందేసరికి 1915 వచ్చింది. ఆ ఎరుపు చూస్తే నాకు యుద్ధంమీద మోజు కలగదు, ఆ తల్లులు గుర్తొస్తారు.

ఇంకొకమాట. ఏ గీత ఎవరిదో అట్ట చెప్పదు, ఇద్దరి పేర్లూ ఉంటాయి. మన ఊళ్లల్లో భర్త దుకాణానికి రాత్రిళ్లు కూర్చుని లెక్కలు రాసే ఇల్లాళ్లు ఎందరో! బోర్డుమీద మాత్రం ఆయన పేరొక్కటే.

ఫ్రెడ్ 2013లో పోయారు, లిలియాన్ 2015లో. ఆ సంపుటాలు ఎక్కడైనా కంటబడితే ముందు బొత్తాలు చూడండి.