వార్తలు నడచు కాలువలు



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతునకు కె. సి. కాలువ సంగతి యొకరు బోధింప నక్కఱలేదు. పొలమునకు నీరు రానిచో నతడు "నీళ్లు లేవు" అని యూరకుండడు. సుంకేసుల యొద్ద నీరు తగ్గెనా, తూము మూసిరా, పంటకాలువ పూడెనా యని విచారించి కనుగొనును. ఆ రైతే అడంగలు నకలుకై మీ-సేవ కేంద్రమునకు పోయి, "నెట్ లేదు" అను మాట విని మాఱుపలుకక మరలును. అప్పు గడువు దాటిపోవును. ఎచ్చట ఆగినదని యడుగుటకు ఆ త్రోవ యతనికి తెలియదు. ఆ త్రోవను చూపుటయే యీ ప్రసంగమునకు ప్రయోజనము.

కంప్యూటరులు తమలో తాము సమాచారము నిచ్చిపుచ్చుకొనుటకై కలుపబడినచో దానికి నెట్‌వర్కని పేరు. 1969లో అమెరికాయందు ఆర్పానెట్ అను పేర నాలుగు స్థానముల నడుమ మొదలైన యిట్టి యల్లిక నేడు భూమండలమును చుట్టియున్నది.

ఆళ్లగడ్డ శిల్పి తాను చెక్కిన విగ్రహముయొక్క ఛాయాచిత్రమును దూరదేశమునకు పంపెననుకొనుడు. అది యొక్క మూటగా పోదు. ప్యాకెట్లను చిన్న తునుకలగును. ప్రతి తునుకపైని పంపినవాని చిరునామా, చేరవలసినవాని చిరునామా, వరుససంఖ్య యుండును. అవి వేర్వేరు దారుల పోయినను పోవచ్చును. తాళపత్ర గ్రంథమున ఆకులు చెదరినను అంకెలు చూచి పేర్చుకొన్నట్లు, గమ్యమున అవి మరల కూర్పబడును. ఒకటి తప్పిపోయినచో అదొక్కటియే తిరిగి పంపబడును.

ఇందులకు సాధనములు కొలదియే. కంప్యూటరులోని నెట్‌వర్కు కార్డు దానికి ద్వారము. తయారగునాడే దానికొక సంఖ్య యీయబడును. ఒక కార్యాలయములోని యంత్రములను కలుపునది స్విచ్చి. అది యా సంఖ్యలను గుర్తుంచుకొని యెవరి సమాచారము వారికే యందించును. ఊరి మళ్లన్నియు నెఱిగిన నీరుగంటి వంటిది. రూటరు వేఱు. చిరునామా చూచి యే దారిన వెలుపలికి పంపవలెనో నిర్ణయించునది యది. తపాలా కార్యాలయమున ఉత్తరములు వేఱుపఱచు గుమాస్తా వంటిది. గదిలోని యంత్రములకు రాగి కేబులు చాలును. ఎనిమిది తీగలను జంటలుగా మెలివేసిన యా కేబులు 100 మీటర్ల దూరమునకే తగును. అంతకు మించిన దూరమునకు గాజుతీగ వలయును. వెంట్రుకవలె సన్ననగు నా తీగలో సమాచారము వెలుగు రూపమున సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగిడును.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. అందు గాజుతీగను అధికముగా విద్యుత్ స్తంభములపైననే లాగిరి. త్రవ్వకపు పని తప్పినందున వ్యయము తగ్గెను. కాని స్తంభ మొరగినను, కొమ్మ విరిగిపడినను తీగ తెగవచ్చును.

గాజుతీగ వచ్చి చేరు చోట గోడకు ఓ.ఎన్.టి. అను చిన్న పెట్టె యుండును. దానిపై 'లాస్' అను ఎఱ్ఱదీపము వెలిగినచో, బయటినుండి వెలుగు వచ్చుట లేదని గుర్తు. తీగ తెగుటయో ఊడుటయో జరిగియుండును. 'పాన్' అను పచ్చదీపము నిలుకడగా వెలుగుచున్నచో ఆ తీగ బాగున్నది. దోషమును రూటరునందో, స్విచ్చియందో, దూరమందలి సర్వరునందో వెదకవలెను. ఒక్క యంత్రమే పలుకక తక్కినవి పలుకుచున్నచో, ముందుగా దాని కేబులును చూడవలెను.

ఈ గ్రంథాలయ పాఠకులలో నలుగురైనను ఈ పాటి యెఱిగి, తోడివారి పక్షమున "ఏ దీపము వెలుగుచున్నది? ఎచ్చట ఆగినది?" అని మర్యాదగా నడిగిన చాలును. అట్లడిగిన వానిని వట్టి మాటతో త్రిప్పిపంపుట యెవరికిని సుకరము గాదు.