పల్నాటి వీరగాథ - విద్యార్థుల కృషి

గ్రీకుల ప్రాచీన వీరకావ్యమైన ‘ఇలియడ్’ను బోధించేటప్పుడు పాశ్చాత్య దేశాల ఉపాధ్యాయులు పలువురు విద్యార్థులచేత ప్రశ్నలకు జవాబులు మాత్రమే వ్రాయించి ఊరుకోరు. పదునెనిమిదవ సర్గలో వర్ణితమైన ఎకిలీస్ డాలును అట్టమీద చిత్రింపజేస్తారు. రెండవ సర్గలోని ఓడల పట్టికను పటంమీద గుర్తింపజేస్తారు. హెక్టరు భార్య ఆంద్రొమకీ పక్షాన లేఖ వ్రాయిస్తారు. పద్ధతి మెచ్చదగినదే. అయితే నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో చదువుకునే బాలబాలికలు దీనికోసం ట్రాయి నగరందాకా పోనక్కరలేదు. వీరగాథ వారి ముంగిటనే ఉన్నది.

పల్నాటి వీరుల కథ పన్నెండవ శతాబ్దినాటి దాయాదుల పోరు. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రిణి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ఏడేండ్లు సీమ విడిచిపోవడం, గడువు తీరిన పిమ్మట రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి గురికావడం, తుదకు నాగులేటి ఒడ్డున కారెంపూడి రణరంగంలో వీరులు నేలకొరగడం - కథ స్థూలంగా ఇది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి 1911లో ప్రకటించారు. 1947లోను, 1966లోను ఇదే కథ చలనచిత్రంగా వచ్చినది. ఇన్ని జరిగినా పిల్లలను అడిగిచూడండి: కోడిపందెం, బాలచంద్రుడు - అంతటితో సరి.

మేము ముందుగా సూచించేది వినికిడి పని. హోమరు కావ్యాలు ఎలా పుట్టినవో తెలుసుకోగోరి 1930 ప్రాంతాలలో మిల్మన్ పారీ అనే అమెరికను పండితుడు నాటి యుగోస్లావియా పల్లెలకు వెళ్ళి, చదువురాని గాయకుల పాటలను రికార్డు చేశాడు. వారు వేలకొలది పాదాలను వల్లె వేసి అప్పగించడం లేదనీ, అలవాటైన పలుకుబడుల ఆసరాతో పాడిన ప్రతిసారీ కథను కొత్తగా అల్లుకుంటున్నారనీ గ్రహించాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో దీనిని గ్రంథంగా వెలయించాడు. మన పల్నాటికి కూడ అటువంటి వాడొకడు వచ్చాడు. జీన్ రోగైర్ అనే పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడగా విని, గాథనంతా ఆంగ్లంలోకి అనువదించి 1982లో ప్రకటించాడు. సముద్రాలు దాటి వచ్చినవారు చేసిన పనిని కారెంపూడి పిల్లలు చేయలేరా?

వారు చేయవలసినది స్వల్పమే. ఏదైనా ఒక్క ఘట్టాన్ని తీసుకోవాలి. బాలచంద్రుడు మాంచాలవద్ద సెలవు తీసుకొనే ఘట్టమైతే మరీ మంచిది. గాయకుని నోట దానిని రెండు వేర్వేరు దినాలలో వినాలి. ఏ మాటలు మారినవి, ఏ మాటలు మారక నిలిచినవి, అచ్చుపుస్తకంలో లేనిది ఏది - ఇవి నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఈ వృత్తిలో మాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాము. ఇన్ని నిమిషాలలో ముగించవలెనని గడియారం చూపితే గాయకుడు కథను కుదించి పాడతాడు. ఊరి నడుమ రాత్రివేళ అదే ఘట్టం తన దారిన తాను సాగుతుంది. కనుక ఆయనను తొందరపెట్టకండి.

ఇంకొక మాట. ఈ గాథను తరతరాలుగా మోసుకొని వచ్చినవారు వీరవిద్యావంతులు. వారు మాలలు. గాథలో బ్రహ్మనాయుడు కన్నమదాసును కుమారుడుగా స్వీకరించాడు. సకల కులాలవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించాడు. పాఠంలో చాపకూటిని పొగిడి, పాట వినిపించడానికి వచ్చిన పెద్దమనిషిని వరండాలో నిలబెట్టడం ఎంత మాత్రం తగదు. ఆయనకు కుర్చీ వేయాలి, ఉపాధ్యాయులతోపాటు భోజనం పెట్టాలి, శ్రమకు తగిన పారితోషికం ఇవ్వాలి. ఫోనులో రికార్డు చేసేముందు ఆయన అనుమతి అడగాలి. పుస్తకం మొదటి పుటలో విద్యార్థి పేరుకంటె పైన ఆయన పేరు ఉండాలి.

రెండవది న్యాయస్థానం. తరగతిలో కొందరు బ్రహ్మనాయుని పక్షాన, కొందరు నాగమ్మ పక్షాన వాదించాలి. నాగమ్మ వకీలుకు మొదట మాట దొరకదు; ఎందుకంటే పాడేవారు మాచర్ల వీరులను కొలిచేవారు. ఇక్కడ హోమరు అక్కరకు వస్తాడు. ఆయన కావ్యం గ్రీకులది. అయినా శత్రువైన హెక్టరు అందులో మహనీయుడు. కడపటి సర్గలో ముదుసలి ప్రయాము తన కుమారుని చంపిన ఎకిలీస్ చేతులను ముద్దాడి శవాన్ని యాచిస్తాడు. శత్రువుకు కూడ కన్నీరు ఉన్నదని పాడిన కవి ఆయన. నాగమ్మకు అటువంటి ఒక్క ఘట్టాన్ని విద్యార్థులే వ్రాయాలని మా కోరిక. రాజ్యతంత్రం నడిపిన స్త్రీని గయ్యాళిగా చూపి చేతులు దులుపుకోవడం సులభం.

లేఖ వ్రాయించదలచితే పేరిందేవిచేత వ్రాయించండి. ఆమె నలగాముని కూతురు, అలరాజు ఇల్లాలు. ఇలియడ్ తొమ్మిదవ సర్గలో ఎకిలీస్ వద్దకు రాయబారం వెళ్ళినవారు పని సాధించకపోయినా ప్రాణాలతో తిరిగివచ్చారు. ఈమె భర్త తిరిగిరాలేదు. పుట్టింటి పక్షమే తన పసుపు కుంకుమలను తుడిచివేస్తే ఆ బిడ్డ తండ్రికి ఏమి వ్రాస్తుంది? గాథ ఆమెచేత సహగమనం చేయించినది. లేఖ అంతదాకా పోనక్కరలేదు. తండ్రిని నిలదీస్తే చాలును.

పాత్రలను పంచేటప్పుడు ఉపాధ్యాయులు జాగ్రత్త వహించాలి. కులాన్నిబట్టిగాని, ఊరి పార్టీలనుబట్టిగాని వేషాలు ఇవ్వరాదు. గురజాల పిల్లవాడు మాచర్ల పక్షాన, మాచర్ల పిల్లవాడు గురజాల పక్షాన మాట్లాడితే మరింత రక్తి కడుతుంది.

కారెంపూడిలో వీరుల ఉత్సవం కార్తీక అమావాస్యతో మొదలై అయిదు దినాలు సాగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అక్కడికి తెచ్చే ఆయుధాలు పూజలందుకొనేవి. వాటిని నాటకపు సామగ్రిగా అడగకండి. డాలు, కత్తి అట్టతో చేసుకోవచ్చును. ఉత్సవ దినాలలో గాయకులకు తీరిక ఉండదు గనుక, బడులు తెరచిన నెలలోనే వారి ఊరు, వీలు కనుగొని పని మొదలుపెట్టడం మేలు.