పెట్టుడు జుట్టు – తల సంరక్షణము
(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



విద్యాలయ సభలో శిరోజములను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. లెక్కలు, వ్యాకరణము, పరీక్షలు విడిచి ప్రధానోపాధ్యాయులకు జడలతో పనియేమి యని నవ్వుకొనువారును ఉందురు. కాని కారణము లేకపోలేదు. ఒడిశాలో నున్న మనకు ఈ వార్షికోత్సవ వేదిక మన భాషయు మన కళయు నలుగురి కంటబడు చోటు. అందుచేత నృత్యము చేయు బాలికకు జడ నిండుగా, పొడవుగా ఉండవలెనని తల్లుల పట్టుదల. చిన్న తలలపై పెద్ద సవరములు చేరుచున్నవి. ఇక ఈ బడిలో చదివి, రైలెక్కి విశాఖపట్టణమునకు పై చదువులకును కొలువులకును పోయిన ఆడపిల్లలలో కొందరు సెలవులకు వచ్చునప్పటికి జుట్టు నడుము దాటి కనబడుచున్నది. అది పెరిగిన జుట్టు కాదు, అతికించిన జుట్టు. దాని పోషణ ఇంటివారికి తెలియవలెనని ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

పెట్టుడు జుట్టు మనకు క్రొత్త కాదు. మన అమ్మమ్మల పెట్టెలలో సవరములు ఉండెడివి. కూచిపూడి భామాకలాపములో సత్యభామ తన జడను తెరమీదుగా వేయు ఘట్టము ప్రసిద్ధము. పురుషులే స్త్రీ వేషములు ధరించిన ఆ సంప్రదాయములో పెట్టుడు జుట్టు అలవాటైన సామగ్రియే. కాని ఒక భేదమును గమనింపుడు. సవరము ఉదయము కట్టి రాత్రి విప్పునది. తలకు రాత్రియెల్ల విశ్రాంతి కలుగును. నేటి అతుకు జుట్టు అట్లు కాదు. బ్యూటీ పార్లరులో జుట్టును సన్నని పాయలుగా తీసి, కెరటిను జిగురుతో గాని కృత్రిమమైన జిగురుతో గాని, వేడి తగిలించి మన వెంట్రుకల మొదళ్లకు దాపున అంటింతురు. అది సుమారు మూడు నాలుగు నెలలు రేయింబవళ్లు తలపైననే యుండును.

ఆ జుట్టు ఎక్కడిది? తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు పొడవును బట్టి వేరుచేసి వేలము వేయుదురు. అది గాక, దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను ఇంటింట తిరిగి సేకరించువారు కలరు. ఈ రెంటికిని భేదమున్నది. వెంట్రుకపై చేప పొలుసుల వంటి సూక్ష్మమైన పొరలు మొదలు నుండి కొనవైపునకు వాలియుండును. తలనుండి ఒక్కసారిగా తీసి కట్టిన జుట్టులో అన్నియు ఒకే దిక్కున నుండును. చిక్కు వెంట్రుకలలో మొదళ్లు, కొనలు కలగాపులగమై ఒకదానితో నొకటి రాచుకొని ముడిపడును. కొనువారు ఈ సంగతి విచారింపవలెను. ఏ జుట్టైనను, కోసిన పిమ్మట తలలోని సహజమైన జిడ్డు దానికి అందదు, త్వరగా ఎండును. దానికి ప్రాణము లేదు. దాని క్రింది చర్మమునకు ప్రాణమున్నది. అతికిన జుట్టు చెడినచో మరల కొనవచ్చును. తల చెడినచో కొనలేము. ఇదియే ఈ ప్రసంగ సారము.

ఇంటిలో చేయవలసినవి చెప్పెదము. అంటించిన తరువాత రెండు దినములు తల తడుపరాదు, జిగురు గట్టిపడవలెను. పిమ్మట నిలువుగా నుండి, నీరు మొదలు నుండి కొనకు జారునట్లు పోసికొనవలెను. తల ముందుకు వంచి రుద్దినచో చిక్కుపడును. కుంకుడు పిప్పి పాయల నడుమ చిక్కుకొనును గనుక, నీటిలో కలిపిన షాంపూ మేలు. అతుకులు ఊడునేమో యని భయపడి తల కడుగుట మానరాదు. వ్రేళ్ల కొసలతో పాయల నడుమనున్న చర్మమును శుభ్రపరుపవలెను. మనకు అలవాటైన నూనె తలంటు మాత్రము ఇక్కడ తగదు. నూనె జిగురును సడలించును. కొనలకు రెండు మూడు చుక్కలు రాచిన చాలును. తడి తలతో పండుకొనరాదు. దువ్వునప్పుడు మొదళ్లను ఒక చేత పట్టుకొని, కొనల నుండి ప్రారంభించి పైకి రావలెను. రాత్రి వదులుగా జడ వేయవలెను. వేడి ఇస్త్రీ పరికరములను అతుకులకు తాకింపరాదు.

మన జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. మూడు నెలలకు అతుకు మూడు సెంటీమీటర్లు క్రిందికి జారి, మొదళ్లను మెలిపెట్టి లాగును. అప్పుడు దానిని తప్పక తీయింపవలెను. ఇంటిలో పీకుట, కత్తెర పెట్టుట కూడదు. అంటించుట తెలిసినవారే జిగురును కరిగించు ద్రవముతో విడదీయుదురు. తీసినప్పుడు గుప్పెడు వెంట్రుకలు చేతికి వచ్చును. దానికి బెదరనక్కరలేదు. ప్రతివారికిని దినమునకు 50 నుండి 100 వెంట్రుకలు సహజముగా రాలును. అవి అన్ని నెలలు అతుకులలో నిలిచియుండి ఒక్కసారిగా వచ్చుచున్నవి.

బెదరవలసినవి వేరు. తల నొచ్చుట, మొదళ్లలో ఎర్రదనము, పొక్కులు, నుదుటిపైనను కణతలయొద్దను జుట్టు పలుచబడుట – ఇవి కనబడినచో ఆలసింపక తీయించి, చర్మవైద్యునికి చూపవలెను. ఎడతెగని లాగుడు వలన జుట్టు పోవు ఈ స్థితిని వైద్యులు ట్రాక్షన్ ఎలొపేషియా యందురు. మొదట గుర్తించి లాగుడు మాన్పినచో జుట్టు మరల వచ్చును. ఏండ్లు ఉపేక్షించినచో మొదళ్లు మాడి, ఇక రాదు.

బడిపిల్లలకు అతుకు జుట్టు వలదని మా సలహా. నృత్యమునకు సవరము చాలును. అదియు తేలికైనదిగా, వదులుగా కట్టవలెను. పేల బెడద గలదు గనుక ఒకరి సవరమును మరియొకరికి పెట్టరాదు. వాడిన పిదప కడిగి, నీడలో ఆరవేసి, దువ్వి, గుడ్డలో చుట్టి దాచవలెను. నైలాను సవరమును దీపమునకును, వేడి పరికరములకును దూరముగా నుంచవలెను.

మరియొక మనవి. జుట్టు పొట్టిదని నలుగురిలో పిల్లను చిన్నబుచ్చకుడు. ఆ మాట బాధించుటచేతనే పెద్దదైన పిమ్మట, నొప్పి పుట్టుచున్నను చెప్పక ఓర్చుకొనును. ఈ సంవత్సరము నుండి మా పాఠశాలలో పొడవైన జడ లేదను కారణమున ఏ బాలికను నృత్యము నుండి తప్పింపము. అడుగులు, అభినయము, స్పష్టమైన తెలుగు పలుకు – వీనినే చూతుము. మన కళను నిలుపునవి అవియే.

ఈ రాత్రి ప్రదర్శన ముగియగనే, ఇంటికి బయలుదేరుటకు ముందే, మీ అమ్మాయి సవరము విప్పుడు. తల తడిమి, ఎక్కడనైన నొచ్చుచున్నదా యని అడుగుడు.